అయిదూ నలభై బస్సు

వేదిక మీది పెద్దలకు, నాకంటే ముందే రిటైరై ఇప్పుడు నన్ను చూసి నవ్వుకుంటున్న మిత్రులకు నమస్కారం. శాలువాలు ఇక చాలండీ. మే నెలలో శాలువా కప్పడం సన్మానమో శిక్షో నాకు అర్థం కాదు.

‘బస్సు రవాణా: నియంత్రణ, ప్రణాళిక’ అని కార్డులో వేశారు. నాలుగు పేజీలు రాసుకొచ్చాను. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఉంది. అదంతా మీకు కంఠతా వచ్చు, వదిలేస్తున్నాను.

ఒక్క కేసు చెప్పి తీరాలి. ఆర్టీసీ ఏర్పడిన 1958లోనే, మన కృష్ణా జిల్లా రూట్లను జాతీయం చేసి ఆర్టీసీకి ఇవ్వడం మీద ప్రైవేటు బస్సుల వాళ్లు సుప్రీంకోర్టుకెక్కారు. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసు. అభ్యంతరాలు విన్నదేమో రవాణా శాఖ కార్యదర్శి, స్కీమును ఆమోదించిందేమో ముఖ్యమంత్రి. కోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. ఒకరు విని ఇంకొకరు తేలిస్తే ఆ వినడం ఉత్త తంతే అంది. డిపార్టుమెంటు పరీక్షకు ఇది బట్టీపట్టాను. మార్కులు బాగానే వచ్చాయి.

మార్కులొస్తే ఏం లాభం? అసలు ఎవర్నీ వినకుండా తేల్చినవాణ్ణి నేను!

ఏటి ఒడ్డున ఒక ఊరు. నైట్ హాల్ట్ బస్సు. తెల్లారి 5.40కి బయల్దేరేది. సగం సీట్లు ఖాళీ. ఈపీకే, అదే, కిలోమీటరుకు వచ్చే రాబడి, చూస్తే నీరసం వచ్చేది. కుర్చీలోంచి లేవకుండా దాన్ని 6.15కి జరిపాను. ఉద్యోగాలకెళ్లే వాళ్లు ఎక్కడం మొదలుపెట్టారు. రాబడి పెరిగింది. పైవాళ్లు మెచ్చుకున్నారు కూడా. అబద్ధం ఎందుకు, పొంగిపోయాను.

పది రోజులకు ఒక ముసలామె వచ్చింది. నమస్కారం కూడా పెట్టలేదు. తడి గోనె నా టేబుల్ మీదే విప్పింది. గోంగూర కట్టలు. ఆకులు వేలాడిపోయి, కాడల దగ్గర నల్లబడ్డాయి. నీళ్లు కారి చార్టు తడిసింది.

“అయ్యా, నేను బజారుకు చేరేసరికి కొనేవోళ్లు ఇళ్లకెళ్లి పప్పులో ఏసేసుకుంటన్నారు. ఇది నువ్వు కొంటావా?”

కొన్నానండీ. మొత్తం గోనె! మా ఆవిడ నాలుగు రోజులు మాట్లాడలేదు.

ఆమె మా లెక్కలో ఒక టికెట్టు, ఒక లగేజీ టికెట్టు. ఆమె రోజు కూలి, కండక్టరు టికెట్ల లెక్క రాసే ఏ వే బిల్లులోనూ ఉండదు. మర్నాడు రాత్రి ఆ బస్సులోనే వెళ్లి ఊళ్లో పడుకున్నాను. దోమలు పీక్కుతిన్నాయి. తెల్లవారుజామున స్టాపు దగ్గర లెక్కపెడితే పదకొండు గోనెలు. వెంటనే పాత టైముకు మార్చేశాను. రాబడి మళ్లీ తగ్గింది. మెమో వచ్చింది, దాచుకున్నాను.

వెనక వరసలో ఫోన్లు చూసుకుంటున్న కుర్రాళ్లూ, మీకే చెబుతున్నా. టైము మార్చే ముందు ఒక్క రాత్రి ఆ ఊళ్లో పడుకోండి. దోమతెర నేనిస్తాను.

భోజనాలు చల్లారుతున్నాయని సైగ చేస్తున్నారు, చూశాను. అయిపోయింది. మొన్న ఊరికే కంట్రోలర్‌కి ఫోన్ చేసి, ఆ బస్సు ఇప్పుడెన్నింటికని అడిగాను. 5.50 అన్నాడు. ఆ పది నిమిషాలు జరిపిందెవరు? ఈ హాల్లోనే ఉన్నారని నా అనుమానం. చెయ్యెత్తండి.