వేడి చేస్తాం సరే, చల్లార్చడం మాటేమిటి?

యాంకర్: నమస్కారం. మిశ్రమాల్ని వేడితో, చలితో ఎలా విడదీస్తారో చెప్పడానికి ఈ ఎపిసోడ్‌లో మనతో ఒక కెమిస్ట్రీ మేడమ్ ఉన్నారు. మేడమ్, ఉప్పునీళ్లతోనే మొదలుపెడదామా? మరిగిస్తే నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మిగులుతుంది. అంతే కదా?

మేడమ్: ఉప్పు కావాలంటే అంతే. నీళ్లు కావాలంటే? ఆ ఆవిరిని పట్టుకుని చల్లార్చాలి. దీన్నే స్వేదనం అంటారు. స్వేదనం బొమ్మ చూపిస్తే పిల్లల కళ్లన్నీ ఫ్లాస్క్ కింద మంట మీదకే పోతాయి. పక్కన కండెన్సర్, అంటే ఆవిరిని చల్లార్చే గొట్టం, దాని చుట్టూ చన్నీళ్లు తిరుగుతుంటాయి, దాన్నెవరూ పట్టించుకోరు. అది లేకపోతే గదంతా ఆవిరే, గిన్నెలోకి చుక్క రాదు.

యాంకర్: అంటే చల్లార్చడమే ముఖ్యమంటారా?

మేడమ్: చాలాసార్లు అదే. సురేకారంలో, అదే పొటాషియం నైట్రేట్‌లో, కొంచెం మామూలు ఉప్పు కలిసిపోయిందనుకోండి. రెండూ తెల్లగానే ఉంటాయి, రెండూ నీళ్లలో కరుగుతాయి. ఎలా విడదీస్తారు?

యాంకర్: మరిగిస్తే రెండూ కలిసే మిగులుతాయి.

మేడమ్: అవును. కానీ వాటి స్వభావంలో తేడా ఉంది. 100 గ్రాముల నీళ్లలో మామూలు ఉప్పు 0 డిగ్రీల దగ్గర దాదాపు 36 గ్రాములు కరుగుతుంది. నీళ్లు మరుగుతున్నా ఆ లెక్క 39, 40 దగ్గరే ఉంటుంది. సురేకారం అలా కాదు. 0 డిగ్రీల దగ్గర 13 గ్రాములే, 60 దగ్గర దాదాపు 110. ఇప్పుడు 100 గ్రాముల సురేకారం, 10 గ్రాముల ఉప్పు కలిపి 100 గ్రాముల వేడినీళ్లలో పూర్తిగా కరిగించి చల్లార్చండి. 0 డిగ్రీలకి వచ్చేసరికి 80 గ్రాములకు పైగా సురేకారం స్ఫటికాలుగా బయటికొచ్చేస్తుంది. ఉప్పుకి నీళ్లలో ఇంకా బోలెడు చోటుంది కాబట్టి అది కరిగే ఉంటుంది. వడగట్టి, కాసిని మంచునీళ్లతో కడిగితే సరి.

యాంకర్: గబగబా చల్లారిస్తే గబగబా అయిపోతుందిగా?

మేడమ్: చదువుకునే రోజుల్లో నేనూ అదే అనుకున్నాను. ప్రాక్టికల్ టైమ్ అయిపోతోందన్న టెన్షన్‌లో వేడి ద్రావణాన్ని నేరుగా మంచులో పెట్టేశాను. పిండిలాంటి పొడి వచ్చింది, కడిగినా మలినం పోలేదు. స్ఫటికం నిదానంగా పెరిగితే తన కణాలనే వరసగా పేర్చుకుంటుంది. వేరేవాటికి ఆ వరసలో చోటు కుదరదు, మళ్లీ నీళ్లలోకే పోతాయి. తొందరపెడితే ఆ నీళ్లు కూడా మధ్యలో చిక్కుకుపోతాయి. అందుకే ముందు దానంతట దాన్ని చల్లారనిచ్చి, ఆ తర్వాతే మంచులో పెట్టాలి.

యాంకర్: రెండూ ద్రవాలైతే? ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీళ్లు 100 దగ్గర. ముందు ఆల్కహాల్ మొత్తం వచ్చేసి, తర్వాత నీళ్లు వస్తాయా?

మేడమ్: చాలామంది అలాగే అనుకుంటారు. నిజానికి రెండూ కలిసే ఆవిరవుతాయి, కాకపోతే ఆవిరిలో ఆల్కహాల్ వంతు ఎక్కువ. ఆ ఆవిరిని చల్లార్చి, మళ్లీ మరిగించి, మళ్లీ చల్లారిస్తే ఆ వంతు పెరుగుతూ పోతుంది. పొడవాటి గొట్టంలో ఇదంతా మెట్టుమెట్టుగా జరిగేలా చూస్తారు. అయినా బరువు లెక్కన దాదాపు 95.6 శాతం దగ్గర ఆగిపోతుంది. అక్కడ ఆవిరిలోనూ ద్రవంలోనూ పాళ్లు ఒకటే, ఇక ఎంతసేపు మరిగించినా మార్పుండదు.

యాంకర్: గాలి కూడా మిశ్రమమే కదా?

మేడమ్: దాన్ని ముందు విపరీతంగా చల్లార్చి ద్రవం చేస్తారు. జర్మన్ ఇంజనీరు కార్ల్ ఫాన్ లిండే 1895లో పెద్ద ఎత్తున చేసి చూపించారు. నైట్రోజన్ మైనస్ 196 దగ్గర, ఆక్సిజన్ మైనస్ 183 దగ్గర మరుగుతాయి. ఆ 13 డిగ్రీల తేడాతోనే రెంటినీ విడదీస్తారు.

యాంకర్: మనుషుల ప్రమేయం లేకుండా, చలితోనే విడిపోయేవి ఉన్నాయా?

మేడమ్: ఉన్నాయి, నాకు అన్నింటికంటే ఇష్టమైనది అదే. సముద్రపు నీళ్లు దాదాపు మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకడతాయి. మంచు స్ఫటికంలో ఉప్పుకి చోటు లేదు, బయటికి తోసేస్తుంది. కొంత ఉప్పునీరు సన్నని సందుల్లో చిక్కుకుని, మెల్లగా కిందికి జారిపోతుంది. ఆర్కిటిక్‌లో కొన్నేళ్లు నిలిచిన పాత మంచుని కరిగిస్తే, తాగడానికి పనికొచ్చేంత చప్పగా ఉంటుంది.