రంగు కాదు, నెలవు చూడండి

శ్రోతలకు నమస్కారం.

సముద్రతీరం వెంట నడిచేటప్పుడు కనిపించే పూలను, పీతలను, పక్షులను పేరుతో గుర్తుపట్టాలన్న కోరిక చాలామందికి ఉంటుంది. అలాంటివారు తెలిసినవారిని అడిగే ప్రశ్న తరచుగా రంగుతోనే మొదలవుతుంది. గులాబీ రంగు పువ్వు, దాని పేరేమిటి? బూడిద రంగు పిట్ట, అది ఏ జాతి? కంటికి ముందు ఆనేది రంగే కనుక ఈ ప్రశ్న సహజమే కాని, తీరంలో రంగును నమ్ముకుంటే తరచు దారి తప్పుతాము. ఏ సంబంధమూ లేని రెండు మొక్కలు ఒకే రంగు పూలు పూస్తాయి; వలస పక్షులు కాలాన్నిబట్టి ఈకల రంగు మార్చుకుంటాయి. రంగుకన్నా గట్టి ఆనవాలు నెలవు. అంటే ఆ ప్రాణి నీటికి ఎంత దూరంలో, ఎలాంటి నేల మీద, ఏ వేళలో కనిపించిందన్నది. ఉష్ణమండలపు ఇసుక తీరాలను ఉదాహరణగా తీసుకుని ఈ సంగతి చెప్పుకుందాం.

పోటు ఎక్కడిదాకా వచ్చి వెనుదిరిగిందో ఇసుకలో తెలిసిపోతుంది. నాచు, పుల్లలు, గుల్లలు ఒక వరుసలో మేటవేసి ఉంటాయి. ఆ వరుసకు దిగువన వేళ్లూనుకుని పూసే మొక్క దాదాపు ఉండదు. ఎగువన, వదులు ఇసుక మీద మొదట కనిపించేది చాలా చోట్ల బాలబంది తీగ. మేక గిట్టలాగా కొన దగ్గర రెండుగా చీలిన మందపాటి ఆకు, గరాటు ఆకారంలో ఊదా కలిసిన గులాబీ పువ్వు దీని గుర్తులు. పువ్వు ఉదయం విచ్చుకుని, ఎండ ముదిరేసరికి వాడిపోతుంది కనుక సాయంకాలం నడిచేవారు ఈ తీగ అసలు పూయదేమో అనుకునే అవకాశం ఉంది. కణుపు కణుపుకూ వేరు దించుకుంటూ ఇసుక మీద మీటర్ల కొద్దీ పాకి, గాలికి కదిలే ఇసుకను ఇది పట్టి ఉంచుతుంది. నూగుతో కప్పిన దీని గింజలు ఉప్పు నీటిలో తేలుతూ చాలాకాలం మొలకెత్తే శక్తిని నిలుపుకుంటాయి. ఒకే తీగ ప్రపంచపు ఉష్ణ తీరాలన్నిటా కనిపించడానికి కారణం ఇదే.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, అదే ఇసుక మీద, అదే గులాబీ రంగు పూలతో, అదే విధంగా పాకే మరో తీగ ఉంది. అది తమ్మకాయ ప్రజాతికి చెందినది. శాస్త్రీయ నామం కెనవేలియా రోజియా. పది అడుగుల దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి. వంగి ఆకును చూడండి. బాలబందిది ఒకే ఆకు, కొన మాత్రమే చీలి ఉంటుంది. దీనిది ఒకే కాడకు మూడు రెక్కలున్న ఆకు. పువ్వు గరాటు కాదు, చిక్కుడు పువ్వు. అందులోనూ ఒక విశేషం ఉంది. మామూలుగా ఈ కుటుంబపు పూలలో వెడల్పాటి పెద్ద రేక పైన నిలబడి ఉంటుంది. ఈ తీగలో పువ్వు తలకిందులుగా తిరిగి ఆ పెద్ద రేక కిందికి వస్తుంది, తేనె కోసం వచ్చే తుమ్మెదకు వాలే చోటు అదే. పూలు లేని రోజుల్లో కూడా మందపాటి, గట్టులు తేలిన కాయ దీనిని పట్టిస్తుంది. ఫోనుతో పువ్వును మాత్రమే దగ్గరగా ఫోటో తీసి, గుర్తించే యాప్‌కు ఇచ్చేవారికి తప్పుడు సమాధానాలు రావడంలో వింత లేదు. పువ్వు ఒకటి, ఆకు ముందు వెనుకలు, కాయ ఉంటే కాయ, చివరకు చుట్టూ ఉన్న నేలతో కలిపి మొత్తం మొక్క, ఇన్ని ఫోటోలు ఉంటే యాప్ అయినా, అనుభవమున్న మనిషి అయినా సరైన పేరు చెప్పగలిగే అవకాశం పెరుగుతుంది.

ఇసుక దిబ్బ మీద కాలికి గుచ్చుకునే బిరుసు గడ్డిని రావణాసురుని మీసాలు అంటారు. ఇందులో ఆడ, మగ మొక్కలు వేరు. ఆడ మొక్క మీద వచ్చే ముళ్ల బంతి విడివడి గాలికి ఇసుక మీద దొర్లుకుంటూ పోతుంది. దిబ్బలు దాటి ఉప్పునీరు నిలిచే చవిటి నేలకు వస్తే ఆకులు కండగా, నీరుపట్టి కనిపిస్తాయి. అక్కడ నక్షత్రంలాంటి చిన్న గులాబీ పువ్వు ఉంటే అది సెసూవియం కావచ్చు. పసుపు పువ్వయితే గంగవాయిలి కావచ్చు. నేను ఇంతసేపూ తక్కువ చేసిన రంగు ఇక్కడ పనికివస్తుందని ఒప్పుకోవాలి.

ఇక జంతువుల విషయంలో, చాలా సందర్భాలలో ప్రాణి కనిపించకముందే దాని పని కనిపిస్తుంది. ఆటు సమయంలో తడి ఇసుక మీద చిన్న రంధ్రం చుట్టూ ఆవగింజంత నుంచి శనగగింజంత వరకు ఇసుక ఉండలు కిరణాలలాగా పరచుకుని ఉంటే, అవి ఇసుకలోని సూక్ష్మమైన ఆహారాన్ని వడగట్టుకుని మిగిలిన ఇసుకను ఉండచేసి వదిలే చిన్న పీతలవి. పొడి ఇసుకలో పెద్ద బొరియ, దాని ముందు ఒక పక్కకు విసిరిన మట్టి కుప్ప ఉంటే, అది నిలువు కాడల మీద కళ్లుండి మెరుపులా పరుగెత్తే ఇసుక పీతది. ఈ జాతులలో పెద్ద పీతలు సాధారణంగా నీటికి దూరంగా, పిల్లలు దగ్గరగా బొరియలు చేస్తాయి. ఈ ఆనవాళ్లన్నీ తరువాతి పోటు చెరిపేస్తుంది. ఆటుపోట్ల వేళలు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల ప్రాంతంలో నీరు బాగా వెనక్కు తీస్తుంది కనుక ఎక్కువ చూడదలచినవారు ఆ రోజులను ఎంచుకోవడం మంచిది.

నీటి అంచున తిరిగే పక్షులను నేర్చుకోవడం కొంచెం కష్టం. చలికాలంలో ఉల్లంకులు, ప్లవర్లు అన్నీ దాదాపు ఒకే బూడిద రంగులో ఉంటాయి. అందుకని నడక చూడాలి. ప్లవర్ నాలుగడుగులు గబగబా పరుగెత్తి, ఠక్కున ఆగి, చూసి, ఒక్క పోటు పొడుస్తుంది. పెద్ద కళ్లు, పొట్టి ముక్కు దాని పద్ధతికి సరిపోయేవి. ఉల్లంకి ఆగకుండా నడుస్తూ ముక్కుతో బురదను గుచ్చి వెతుకుతుంది. ముక్కు పొడవుగా కిందికి వంగి ఉంటే కర్ల్యూ, కాస్త పైకి వంగినట్టుంటే బార్ టెయిల్డ్ గాడ్విట్. ఈ గాడ్విట్ జాతికి చెందిన ఒక పిల్ల పక్షి 2022లో అలాస్కా నుంచి టాస్మానియాకు ఎక్కడా వాలకుండా సుమారు 13,560 కిలోమీటర్లు ఎగిరినట్టు ఉపగ్రహ పరికరం ద్వారా తెలిసింది. అంత దూరపు ప్రయాణాలకు కొవ్వు కూడబెట్టుకునే పక్షులను ఫోటో కోసం పదేపదే లేపడం వాటి ఆహారాన్ని లాక్కోవడమే. గుంపులో తలలు పైకెత్తడం మొదలైతే మనం అప్పటికే ఎక్కువ దగ్గరకు వెళ్లామని అర్థం.

ముట్టుకోకూడనివి రెండు మూడు ఉన్నాయి. శంకువు ఆకారపు అందమైన గుల్లలో ప్రాణి బతికి ఉంటే అది విషపు ముల్లుతో కుట్టగలదు. ఒడ్డుకు కొట్టుకువచ్చిన నీలి బుడగ లాంటి పోర్చుగీస్ మాన్ ఆఫ్ వార్ అనే జీవి చచ్చిపోయాక కూడా కుడుతుంది. తోక తెడ్డులాగా బల్లపరుపుగా ఉన్న పాము సముద్రపు పాము. అది ఇసుక మీద కదలలేక పడి ఉన్నా విషం తగ్గదు.

తెల్లవారుజామున నీటి నుంచి దిబ్బ దాకా వెళ్లి తిరిగి వచ్చిన వెడల్పాటి చార కనిపిస్తే, రాత్రి సముద్ర తాబేలు గుడ్లు పెట్టడానికి వచ్చిందేమో చూడాలి. తెడ్డు కాళ్ల గుర్తులు కుడి, ఎడమలు ఒకదాని తరువాత ఒకటిగా పడితే ఆలివ్ రిడ్లే లాంటి చిన్న జాతి. రెండు పక్కలా జంటగా ఒకే వరుసలో పడితే పచ్చ తాబేలు లేదా లెదర్ బ్యాక్. ఆలివ్ రిడ్లే ఒక గుంతలో సుమారు 100 గుడ్లు పెడుతుంది, అవి పగిలి పిల్లలు రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఆ చార మీద నడవకుండా పక్కనుంచి ఫోటో తీసుకుని, కొలత తెలియడానికి చెప్పో కలమో పక్కన పెట్టి, చోటు గుర్తు రాసుకుని అటవీశాఖ సిబ్బందికి తెలియజేయండి. గుంతను కదపవద్దు. రాత్రిపూట ఆ ఒడ్డున టార్చి వెలిగించవద్దు. గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు వెలుతురు ఎక్కువగా ఉన్న దిక్కే సముద్రమనుకుని నడుస్తాయి.