సిగార్ చుట్టూ చట్టం

అందరికీ నమస్కారం. సిగార్ అనగానే మనకి పాత సినిమాల్లో విలన్ నోట్లో వెలిగే వస్తువు గుర్తొస్తుంది. అమెరికాలో మాత్రం 2016 నుంచి దానిమీద కోర్టుల్లో పెద్ద వ్యాజ్యమే నడిచింది. పొగ తాగితే హాని అన్న మాటని అక్కడ ఎవరూ కాదనలేదు. తగవంతా ఒక్కచోటే: చేత్తో చుట్టిన ఖరీదైన సిగార్‌నీ, మెషీన్ నుంచి నిమిషానికి వేలల్లో రాలే సిగరెట్‌నీ ఒకే నిబంధన కింద పెట్టొచ్చా? పెట్టకూడదంటే, రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలి?

ముందు చట్టం సంగతి. 2009 జూన్ 22న ఒబామా సంతకం చేసిన చట్టం సిగరెట్లు, చుట్టుకునే పొగాకు, నమిలే పొగాకు, నశ్యాలని నేరుగా ఎఫ్‌డీఏ (అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) చేతిలో పెట్టింది. మిగతా పొగాకు సరుకుల్ని కావాలంటే నిబంధన ద్వారా కలుపుకోమని వదిలేసింది. 2014 ఏప్రిల్‌లో ఎఫ్‌డీఏ ముసాయిదాలో రెండు దారులు చూపించింది. ఒకటి, సిగార్లన్నీ కలపడం. రెండోది, ప్రీమియం సిగార్లని, అంటే చేత్తో చుట్టిన ఖరీదైన రకాలని, బయట ఉంచడం. 2016 మే 10న వచ్చిన తుది నిబంధన మొదటి దారినే పట్టింది. అదే ఏడాది ఆగస్టు 8 నుంచి అమల్లోకి వచ్చింది.

ఈ నిబంధన ఎక్కడ గుచ్చుకుందో తెలియాలంటే సిగార్ ఎలా తయారవుతుందో చూడాలి. నికరాగువాలో ఎస్తెలీ, హోండురస్‌లో దాన్లీ, డొమినికన్ రిపబ్లిక్‌లో శాంతియాగో, ఇవీ ఆ పరిశ్రమ ఊళ్లు. సిగార్‌లో మూడు పొరలుంటాయి. లోపల ఫిల్లర్, దాన్ని పట్టి ఉంచే బైండర్, పైన నునుపైన రాపర్. ఫిల్లర్‌లో మొక్క అడుగు ఆకు మంట ఆరకుండా చూస్తుంది, నడిమి ఆకు వాసన ఇస్తుంది, పై ఆకు ఘాటునిస్తుంది. పై ఆకు నెమ్మదిగా కాలుతుంది కాబట్టి దాన్ని సరిగ్గా మధ్యలో పెట్టాలి. పక్కకి జరిగితే సిగార్ ఒకవైపే కాలుకుంటూ పోతుంది. ఆకుని నీడలో ఆరబెట్టి, గుట్టలుగా పేర్చి, లోపల వేడెక్కగానే గుట్ట విప్పి తిరగేస్తూ నెలల తరబడి పులియబెడతారు. ఒక ఏడు వాన ఎక్కువై పొలంలో ఆకు పల్చబడితే పాత రుచి నిలబెట్టడానికి మిశ్రమం మార్చక తప్పదు. రుచి మారకూడదంటే పాళ్లు మారాలి. ఈ పనిలో ఇది ఏటా ఉండేదే.

నిబంధన అడ్డుపడ్డది ఇక్కడే. 2007 ఫిబ్రవరి 15 నాటికి అమెరికా బజార్లో ఉన్న సరుకు పాతది, ఆ తర్వాత వచ్చినదీ మార్చినదీ కొత్తది. కొత్తదానికి అనుమతి కావాలి. పాత సరుకుతో పోల్చి, గుణాల్లో తేడా లేదనో, ఉన్నా ప్రజారోగ్యానికి కొత్త ప్రశ్నేదీ రాదనో కాగితాలతో చూపాలి. సిగరెట్ కంపెనీకి ఇది లాయర్ల ఖర్చు. పదిమంది కూర్చుని చుట్టే కార్ఖానాకి ఇది బతుకు సమస్య. పైగా ఒకే మిశ్రమాన్ని ఐదు సైజుల్లో చుడితే అవి ఐదు సరుకులు. రొబుస్తో అనే సైజు అంటే సుమారు 5 అంగుళాల పొడవు, 50 రింగ్ గేజ్. గేజ్ అంటే అంగుళంలో 64వ వంతు, అంటే మందం ఇరవై మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. ఆ మందం మారినా కొత్త దరఖాస్తే. ఇరవై మిశ్రమాలు, ఐదేసి సైజులు అనుకోండి, వంద దరఖాస్తులు. అందుకే 2016 ఆగస్టు గడువు లోపల కొత్త పేర్లన్నీ ఏదో ఒక కొట్లో నాలుగు పెట్టెలైనా అమ్మామనిపించుకోవాలని కంపెనీలు ఉరుకులు పెట్టాయి.

దుకాణదారుకీ తగిలింది. కొట్లోనే మనిషిని కూర్చోబెట్టి సిగార్లు చుట్టించే వాడు రాత్రికి రాత్రి తయారీదారు అయిపోయాడు. నమోదు, పదార్థాల జాబితా, ఎఫ్‌డీఏకి కట్టే యూజర్ ఫీజు అన్నీ వచ్చి పడ్డాయి. కొత్త రకం చూడమని ఉచితంగా ఒకటి చేతిలో పెట్టడం కూడదన్నారు. పెట్టె మీద రెండు ప్రధాన ముఖాల్లో 30 శాతం హెచ్చరిక వేయాలన్నారు. విడిగా అమ్మే కొట్టయితే కౌంటర్ దగ్గర ఎనిమిదిన్నర, పదకొండు అంగుళాల బోర్డు పెట్టాలి. ఈ హెచ్చరికల భాగం 2020 జూలైలో అప్పీలు కోర్టులో పడిపోయింది. అవి పెడితే తాగేవాళ్లు తగ్గుతారా అన్నది ఎఫ్‌డీఏ తేల్చనేలేదని కోర్టు పట్టుకుంది.

ఎఫ్‌డీఏకి అసలు దెబ్బ తర్వాత తగిలింది. సిగార్లు ఎప్పుడో ఒకటి తాగేవారి ఆరోగ్యం గురించిన సమాచారం తమ ముందుకొస్తే, అలాంటిదేమీ రాలేదన్నట్టు ఎఫ్‌డీఏ రాసుకుంది. 2022 జూలైలో కింది కోర్టు జడ్జి అమిత్ మెహతా దీన్ని తప్పుపట్టి, 2023 ఆగస్టు 9న ప్రీమియం సిగార్ల వరకు నిబంధనని కొట్టేశారు. 2025 జనవరిలో అప్పీలు కోర్టు ఆ రద్దుని నిలబెట్టింది. ప్రీమియం సిగార్ అంటే ఏమిటన్న నిర్వచనాన్ని మాత్రం మళ్లీ చూడమని కింది కోర్టుకే పంపింది.

ఆ నిర్వచనం ఏమిటంటే: పైన పూర్తి పొగాకు ఆకు, బైండర్ నూరుశాతం ఆకు, ఫిల్లర్‌లో బరువు ప్రకారం కనీసం సగం పొడవాటి ఆకు, చేత్తో చుట్టాలి, ఫిల్టరూ, నోట్లో పెట్టుకోడానికి తగిలించే ముక్కా ఉండకూడదు, పొగాకు తప్ప వేరే రుచి ఉండకూడదు, పొగాకు, నీరు, చెట్టు జిగురు తప్ప ఇంకేమీ కలపకూడదు, వెయ్యింటి బరువు 6 పౌండ్లు దాటాలి. అంటే ఒక్కోటి 2.72 గ్రాములకి పైన. 2014 ముసాయిదాలో కనీసం 10 డాలర్ల ధర అన్న షరతు కూడా ఉండేది, కోర్టు దాన్ని తీసుకోలేదు.

బరువు షరతుని తేలిగ్గా తీసుకోకండి. 2009లో పన్నులు పెంచినప్పుడు వెయ్యింటికి 3 పౌండ్లు దాటని చిన్న సిగార్లకి సిగరెట్ పన్నే పడింది. పెద్దవాటికి అమ్మకం ధరలో 52.75 శాతం. చౌక చిన్న సిగార్లు చేసేవాళ్లు ఏం చేశారు? కాస్త బరువు చేర్చి 3 పౌండ్ల గీత దాటించారు. అగ్గువ ధరలో శాతం అంటే పైసలే కదా. ఖరీదైన సిగార్‌కీ ఇందులో లాభముంది. పన్నుకి ఒక్కోదానికి 40.26 సెంట్ల పరిమితి ఉంది. తయారీదారు ధర 77 సెంట్లైనా, 5 డాలర్లైనా కట్టేది అంతే. తాగేవాడి జేబుకి రాష్ట్రాల పన్నే ఎక్కువ తగులుతుంది. ఫ్లోరిడాలో సిగార్ల మీద రాష్ట్ర పన్ను లేదు, న్యూయార్క్‌లో టోకు ధర మీద 75 శాతం.

నా అభిప్రాయం చెప్పనివ్వండి. అనుమతుల భారం విషయంలో కోర్టు సరిగ్గానే చెప్పింది. ఆరోగ్యం విషయంలో మాత్రం ఈ తీర్పుని ఎవరూ సర్టిఫికెట్ చేసుకోకూడదు. పెద్ద సిగార్ ఒక్కదానిలో సిగరెట్ పెట్టెడు పొగాకు పట్టొచ్చు. దాని పొగలో క్షార గుణం ఎక్కువ కాబట్టి లోపలికి పీల్చకపోయినా నికోటిన్ నోట్లోంచే ఎక్కుతుంది. 2022లో అమెరికా జాతీయ అకాడమీల నివేదిక కూడా హాని ఎంతన్నది ఎంత తరచుగా తాగుతారు, పీలుస్తారా లేదా అన్న దాన్ని బట్టి ఉంటుందనే తేల్చింది. చట్టం మాత్రం ఎలా చుట్టారన్నది చూస్తుంది.

మన లంక చుట్టనే ఆ కొలతల ముందు పెట్టండి. పూర్తి ఆకు, చేతి పని, ఫిల్టర్ లేదు, రుచి కలపరు. విడిగా బైండర్ లేని చుట్ట అక్కడ ఆగిపోవచ్చు, బరువు చూడాలి. పది డాలర్ల షరతు పోయాక మిగతావన్నీ దాటేస్తుంది. అదే చుట్టని శ్రీకాకుళం వైపు అడ్డపొగగా, నిప్పు కొస నోట్లో పెట్టుకుని తాగితే అంగిలి కాలి క్యాన్సర్‌దాకా పోతుంది. వస్తువు ఒకటే, తాగే తీరు వేరు. మన 2003 పొగాకు చట్టం ఈ చిక్కులోకి దిగలేదు. సిగార్, చుట్ట, బీడీ ఒకే షెడ్యూల్లో ఉన్నాయి, పెట్టెల మీద 85 శాతం బొమ్మల హెచ్చరిక అన్నింటికీ ఒకటే. సంతలో పురికొసతో కట్టిన చుట్టల కట్ట మీద ఆ బొమ్మ ఎక్కడ వేస్తారో నన్నడక్కండి.

ప్రస్తుతానికి అమెరికాలో 21 ఏళ్ల వయసు నిబంధన, పన్నులు అలాగే ఉన్నాయి. ఇక చూడాల్సింది నిర్వచనం కింది కోర్టులో ఎలా తేలుతుందన్నది. అందులో "వేరే రుచి" అన్న మాటమీద నాకు అనుమానం. కాఫీ, వెనీలా వాసన పట్టించిన సిగార్లు చేత్తోనే చుడతారు, బరువుంటాయి, ఖరీదూ ఉంటాయి. ఆ ఒక్క షరతు సడలితే నిబంధన బయటికి నడిచొచ్చే సరుకు చాలా ఉంది.