లాఠీకి అందనిది

శ్రోతలకు నమస్కారం. పోలీసుల మీద విమర్శ వచ్చిన ప్రతిసారీ ప్రభుత్వాలు చెప్పే మొదటి మాట శిక్షణ. అది వృథా అని నేననను గాని, దాని హద్దు ఎక్కడుందో తెలియాలంటే అప్పటి గుంటూరు జిల్లాలోని చుండూరును గుర్తు చేసుకోవాలి.

1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపారు. అది ఉన్నట్టుండి జరిగింది కాదు. సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు అగ్రకులస్థుడికి తగిలిందన్న తగాదా జులైలోనే రాజుకుంది. ఆపైన దళితులను పొలం పనులకు పిలవడం మానేశారు. 144వ సెక్షన్ విధించారు, పోలీసులు ఊళ్లోనే మకాం పెట్టారు. పోలీసులుండగానే అంత ఘోరం జరిగింది.

శిక్షణ ఏం చేయగలదో ఆ కేసే చెబుతుంది. చుండూరులోనే ఏర్పాటైన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేస్తే, సాక్ష్యాలు నమ్మదగినవి కావంటూ 2014లో హైకోర్టు నిందితులందరినీ విడిచిపెట్టింది. ఫిర్యాదును వెంటనే నమోదు చేయడం, వాంగ్మూలాలను జాప్యం లేకుండా తీసుకోవడం, పంచనామా లోపం లేకుండా రాయడం, ఇవన్నీ నేర్పితే వచ్చే పనులే. అట్రాసిటీ కేసును, అంటే ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం కింద పెట్టే కేసును, డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలని 1995 నాటి నిబంధనలు చెబుతున్నాయి. విధి నిర్వహణలో బుద్ధిపూర్వకంగా ఉపేక్షించిన అధికారికి శిక్ష కూడా ఆ చట్టంలోనే ఉంది. స్టేషన్లో రాజీ కుదర్చడమే మంచి పోలీసు లక్షణమనుకునే ఎస్‌.ఐ.కి ఈ సంగతులు నూరిపోయవలసిందే.

అయితే పని ఇవ్వకపోవడానికి మందేమిటి? సాంఘిక, ఆర్థిక బహిష్కరణను 2016లో అమల్లోకి వచ్చిన ఆ చట్ట సవరణ నేరంగా చేర్చింది. కేసు పెట్టవచ్చు సరే, తెల్లవారితే కూలికి పిలవమని ఏ కానిస్టేబుల్ చెప్పగలడు? పొలం ఒకరిదీ రెక్కలు మరొకరివీ అయిన ఊళ్లో, సాక్షి బోనెక్కే ముందు తన పొయ్యి సంగతి ఆలోచించుకుంటాడు. 1985లో కారంచేడులో దళితుల హత్యల తర్వాత చీరాలకు తరలిపోయిన దళిత కుటుంబాలు అక్కడే కాలనీలో స్థిరపడ్డాయి తప్ప, పోలీసు కాపలాను నమ్ముకుని పాత వాడకు తిరిగి వెళ్లలేదు. వాళ్లకు కావలసింది ఆ ఊరి భూస్వామి మీద ఆధారపడని బతుకు, అది భూమి పంచే రెవెన్యూ శాఖ చేతిలో ఉంది.

నెలకోసారి, 30వ తేదీన, పల్లెల్లో పౌర హక్కుల దినం జరపాలన్న నియమం మనకుంది. తహసీల్దారు, ఎస్‌.ఐ. ఒకే బల్ల దగ్గర కూర్చునే అరుదైన సందర్భమది. టీకొట్లో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి ఉందా అని అక్కడ అడుగుతారు. ఈ వాడలో ఎందరికి సెంటు భూమైనా ఉందని కూడా అదే బల్ల దగ్గర అడిగి, ఆ లెక్క రాసుకోవాలి.