జారిపడ్డారంటాం సరే, అసలెందుకు పడ్డారు?

హోస్ట్: నమస్కారం. వృద్ధాశ్రమం నుంచి వేళకాని వేళ ఫోన్ వస్తే ఇంట్లోవాళ్లకు ఒకటే టెన్షన్, నాన్నగారు బాత్రూంలో జారిపడ్డారేమోనని. సిస్టర్, నిజంగా అది జారడమేనంటారా?

సిస్టర్: తడి నేల మీద జారేవాళ్లూ ఉంటారండి. కానీ చాలాసార్లు కాలు జారకముందే కళ్లు తిరుగుతాయి. పడుకున్న మనిషి లేచి నిలబడగానే రక్తం కాళ్లలోకి దిగుతుంది. వయసులో ఉన్నవాళ్లకు బీపీ వెంటనే సర్దుకుంటుంది, పెద్దవాళ్లకు ఆలస్యమవుతుంది. నిలబడ్డ 3 నిమిషాల్లోపు పై బీపీ 20 తగ్గినా, కింది బీపీ 10 తగ్గినా జాగ్రత్త పడాల్సిందే.

హోస్ట్: ఆశ్రమాల్లో బీపీ చూస్తూనే ఉంటారు కదా?

సిస్టర్: కూర్చోబెట్టి చూస్తారు. నిలబెట్టి చూసేవాళ్లు తక్కువ. నా బాధంతా అదే! ఇక మందుల డబ్బా తెరిచి చూడండి. బీపీ బిళ్ల, మూత్రం ఎక్కువగా పోవడానికొకటి, ప్రొస్టేట్‌కి ఒకటి, నిద్రకు అల్ప్రాజోలం. ఒక్కోటి ఒక్కో డాక్టరు రాసింది. రాత్రి రెండింటికి మూత్రం వస్తుంది, మాత్ర మత్తు ఇంకా దిగదు, గబుక్కున లేస్తారు. మంచం ఈ మూల, లైటు స్విచ్ ఆ తలుపు పక్కన. కాళ్లకేమో అడుగు అరిగిపోయిన రబ్బరు చెప్పులు.

హోస్ట్: పడతారని కొన్నిచోట్ల మంచానికి కట్టేస్తారట?

సిస్టర్: అస్సలు వద్దండి. పక్క కమ్మీలు పెట్టినా వాటి మీదుగా దిగబోయి ఇంకా ఎత్తు నుంచి పడతారు. పైగా కదలకుండా ఉంచితే తొడల్లో బలం పోతుంది. రేపు కుర్చీలోంచి లేవడమే కష్టమవుతుంది. మంచం ఎత్తు తగ్గించండి, పడుకోబోయే ముందు బాత్రూంకి తీసుకెళ్లండి.

హోస్ట్: బాగా తిరిగే మనిషి ఉన్నట్టుండి పడుతుంటే?

సిస్టర్: ముసలితనం అని వదిలేయకూడదు. యూరిన్ ఇన్ఫెక్షన్ ఉందా, రక్తంలో సోడియం, అంటే ఉప్పు, తగ్గిందా చూపించాలి. పెద్దవాళ్లలో ఒక్కోసారి జ్వరం రాకుండానే ఇన్ఫెక్షన్ ముదురుతుంది, మాట తికమకగా ఉండటమే మొదటి గుర్తు కావచ్చు.

హోస్ట్: ఇంట్లోవాళ్లు ఏం అడగాలి?

సిస్టర్: ఎన్ని గంటలకు పడ్డారు, దేనికి లేచారు, అంతకుముందు ఏ మాత్ర వేశారు. ఈ మూడూ రాసుకుని, మందులన్నీ పట్టుకుని ఒకే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఏ మాత్రా మీ అంతట మీరు ఆపకండి, ముఖ్యంగా నిద్రమాత్ర. దాన్ని డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి.