పిలిచే పేరు, పలికే మనిషి

అందరికీ నమస్కారం. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు, వాళ్ల పై అధికారులు ఒకే హాల్లో పక్కపక్కన కూర్చోవడం అరుదు. నేను చెప్పదలుచుకున్న మాట ఇద్దరూ కలిసి వినాల్సింది కాబట్టి, పిలవగానే ఒప్పుకున్నాను. 1989లో టైపిస్టుగా చేరి, 2021లో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఫైళ్లు, రూల్సు, లీవులు, వీటి గురించి మీకు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను పేర్ల గురించి మాట్లాడతాను.

తిరుపతిలో ఏ ఆఫీసుకైనా వెళ్లి గుమ్మంలో నిలబడి 'శీనూ' అని పిలిచి చూడండి. ముగ్గురు తలెత్తుతారు. కొండ కింద ఊరు కదా. శ్రీనివాసులు, వెంకటేశులు, వెంకటరమణ, బాలాజీ, గోవిందు, ఏడుకొండలు, ఇవన్నీ ఆయన పేర్లే. ఏడుకొండలు అన్న పేరే తమిళం మాట్లాడే ఇళ్లలో ఏళుమలై అవుతుంది. తిరుచానూరు అమ్మవారి పేరు పెట్టుకున్న పద్మావతులు, అలివేలమ్మలు మన ఇళ్లలో ఎంతమందో లెక్కలేదు. నా పేరూ అమ్మవారిదే. కాళహస్తి వైపు వెళితే జ్ఞానప్రసూనలు, పల్లెల్లోకి వెళితే మునెయ్యలు, మునిరత్నాలు, గంగమ్మలు, చెంగల్రాయులు.

ఇంతమంది ఒకే పేరుతో ఉన్నప్పుడు గుర్తుకోసం ఇంకో పేరు రావడం సహజం. అందులో ఎవరి తప్పూ లేదు. ఇంట్లో కూడా అట్లే వచ్చింది. మనవడికి తాత పేరు పెడతారు. కోడలు మామగారి పేరు నోటితో అనకూడదు. మరి బిడ్డను ఎట్లా పిలవాలి? అబ్బోడు అంటుంది, చిన్నోడు అంటుంది, బుజ్జి అంటుంది. ముద్దుపేరు వెనక ఎంత మర్యాద దాగి ఉందో చూడండి. పెద్దాయన పేరును కాపాడటానికి బిడ్డకు ఇంకో పేరు పెట్టుకున్నారు.

ఆఫీసులో ఆ రెండో పేరుకు ఏ గుర్తును తీసుకుంటామన్న దగ్గరే చిక్కు. సీటును బట్టి 'బిల్లుల శీను' అనొచ్చు, ఊరిని బట్టి 'కుప్పం శీను' అనొచ్చు. కానీ మన నోటికి ముందు వచ్చేవి అవి కావు. నల్ల శీను, పొట్టి శీను, బట్టతల శీను. మనిషి ఒంటి మీద వేలు పెట్టి చూపించే పేర్లు.

నాకూ అట్లాంటిదే పడింది. చేరిన కొత్తలో సన్నగా ఉండేదాన్ని. చేరిన నెలలోనే పెద్ద సీటులో ఉన్న ఒకాయన నలుగురిలో నన్ను 'చీపురుపుల్లా' అని పిలిచాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మరుసటి రోజు నుంచి అదే నా పేరు. ఆయనకు నా మీద కోపం ఏమీ లేదు, లీవు అడిగితే ఇచ్చేవాడు, పని నేర్పించాడు. కానీ ఆరేళ్లు ఆ ఆఫీసులో నా పేరు నేను వినలేదు. బయటి నుంచి పని మీద వచ్చేవాళ్లు కూడా అదే పేరుతో అడిగేవాళ్లు.

1995లో బదిలీ అయ్యాను. సన్మానం చేస్తున్నారని అమ్మను తీసుకొచ్చాను. శాలువా కప్పేటప్పుడు కూడా మైకులో అదే పేరు పలికారు. హాలంతా చప్పట్లు. అమ్మ చప్పట్లు కొట్టలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చాలాసేపు మాట్లాడలేదు. పూతలపట్టు దాటినాక అడిగింది: "అదేంది మే, నిన్ను అట్ల పిలస్తా ఉండారు? అమ్మవారి పేరు పెట్టుకుంటిమి కదా." నా దగ్గర జవాబు లేదు. ఆరేళ్లు నేను నవ్వింది ఒప్పుకోవడం కింద లెక్క పడిందని ఆ రోజే నాకు అర్థమైంది.

ఇక్కడ ఉన్న పై అధికారులకు ముఖ్యంగా చెప్తున్నాను. కింద పనిచేసేవాళ్లు మీ ముందు నవ్వితే దాన్ని అంగీకారం అనుకోవద్దు. కొత్తగా చేరిన అమ్మాయి, కాంట్రాక్టులో ఉన్న అబ్బాయి, ప్రొబేషన్ ఇంకా పూర్తికాని మనిషి, వీళ్లు 'నన్ను అట్లా పిలవద్దు సార్' అనడానికి ఎంత టెన్షన్ పడతారో మీకు తెలియదు. అని చూస్తే, 'సరదాకి అన్నాం, ఇంత సీరియస్ ఎందుకు' అంటారు. ఆ మాటతో అడిగినవాళ్లే తప్పు చేసినవాళ్లు అవుతారు. అందుకని అడగాల్సిన బాధ్యత పైన ఉన్నవాళ్లది. చేరిన మొదటి రోజునే, ఒంటరిగా ఉన్నప్పుడు, మెల్లగా: "నిన్ను ఏమని పిలవమంటావు?" అర నిమిషం పని.

మన గంగమ్మ జాతర మీలో చాలామంది చూసే ఉంటారు. మే నెలలో తాతయ్యగుంట అమ్మవారికి మొక్కుకుని బైరాగి వేషం, బండ వేషం వేసుకుని వీధుల్లో తిరుగుతారు. తిట్లు కూడా మొక్కులో భాగమే. దారిలో ఎదురైన పెద్దమనిషిని నోటికొచ్చినట్టు తిట్టినా ఆయన పడతాడు, చిరాకు పడడు. చిన్నప్పుడు మా నాయన భుజం మీద కూర్చుని చూసేదాన్ని, నాకు ఆ జాతరంటే ప్రాణం. అయితే ఆ తిట్టుకు ఒక కాలం ఉంది, ఒక వేషం ఉంది. వేషం కడుక్కుంటే తిట్టూ పోతుంది. ఆఫీసులో పెట్టిన పేరు కడిగితే పోదు. బదిలీ అయితే మనిషి కంటే ముందే కొత్త ఆఫీసుకు చేరుతుంది.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి. తిరుపతిలో నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఒక అటెండరు ఉండేవాడు. చిన్నతనంలో పోలియో వచ్చి ఒక కాలు సరిగా నడవదు. అందరూ ఆయన్ని 'కుంటన్న' అనేవాళ్లు. చివర 'అన్న' ఉంది కదా, గౌరవంగానే పిలుస్తున్నాం అనుకున్నాం. నేనూ అనేదాన్ని. ఒక పేరు వల్ల ఆరేళ్లు నలిగినదాన్ని, ఇంకో మనిషిని అంతకంటే దారుణమైన పేరుతో పిలుస్తున్నానని నాకు తట్టలేదు. 2006లో ఆయన రిటైర్మెంటు దగ్గరికి వస్తే, పెన్షన్ కాగితాలు టైపు చేయించే పని నాకు వచ్చింది. సర్వీస్ రిజిస్టరు తెరిచాను. మొదటి పేజీలో, పాత సిరా చేతిరాతలో, ఆయన పూర్తి పేరు. అంత మంచి పేరు ఉందని ఆ ఆఫీసులో ఒక్కరికీ తెలియదు. ఆ పేజీ ముందు నేను చాలాసేపు కూర్చున్నాను.

ఈ రోజుల్లో దానికి చట్టం కూడా ఉంది. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం, సెక్షన్ 92 ప్రకారం, దివ్యాంగులను నలుగురిలో కావాలని అవమానిస్తే ఆరు నెలలకు తగ్గకుండా ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడొచ్చు. కులం పేరుతో దూషించడం గురించి 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ఆడవాళ్ల గురించి అసభ్యంగా పెట్టే పేర్లు 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం కిందకు వస్తాయి. ఇవి మీకు తెలిసి ఉండాలి. కానీ నా మాట చట్టం దాకా వెళ్లకముందు జరిగేదాని గురించి.

కులం మాట వచ్చింది కాబట్టి దాచకుండా చెప్తాను, ఎందుకంటే మన జిల్లాల్లో దీన్ని అందరూ చూస్తారు, ఎవరూ అనరు. ఒకే క్యాడర్‌లో ఇద్దరు ఉంటారు. ఒకరిని 'రెడ్డిగారూ' అనో 'నాయుడుగారూ' అనో పిలుస్తారు. పక్క సీటులో మునిస్వామి ఉంటే 'మునీ' అంటారు, లేకపోతే 'ఒరే మునిగా' అంటారు. ఇద్దరి జీతమూ ఒకటే, వయసూ ఒకటే. ఒకరికి కులమే గారు తెచ్చిపెడుతుంది, ఇంకొకరికి పేరు చివర 'గా' చేరుతుంది. పిలిచేవాళ్లను అడిగితే, 'అతను మనవాడు, చనువుతో అంటాం' అంటారు. ఆ చనువు రెండో సీటు వైపు మాత్రమే ఎందుకు నడుస్తుంది? నేను సూపరింటెండెంటు అయినాక ఒక పద్ధతి పెట్టాను. నా సెక్షన్‌లో అందరికీ వాళ్ల పేరు, చివర గారు. అటెండరుకీ అంతే, డ్రైవరుకీ అంతే. మొదటి నెల అందరికీ ఇబ్బందిగా ఉంది, నాకూ నాలుక తిరగలేదు. మూడో నెలకు అలవాటైపోయింది.

ఇక కాగితం మీది పేరు. శ్రీసిటీ కంపెనీల్లో, ఐటీ ఉద్యోగాల్లో చేరేవాళ్లకు ఇది మొదటి రోజే ఎదురవుతుంది. కంప్యూటర్ ఫారంలో 'ఫస్ట్ నేమ్', 'లాస్ట్ నేమ్' అని రెండు గళ్లు ఉంటాయి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. సర్టిఫికెట్‌లో ఉన్న వరుసలోనే నింపితే ఇంటిపేరు మొదటి గడిలో పడుతుంది, ఇక రోజూ మెయిల్లో ఆ అమ్మాయిని ఇంటిపేరుతో పిలుస్తారు. తమిళం మాట్లాడే కుటుంబాల్లో చాలామందికి ఇంటిపేరే ఉండదు, నాన్న పేరులోని అక్షరం ఇనీషియల్ అవుతుంది. వాళ్లు లాస్ట్ నేమ్ గడిలో నాన్న పేరు రాస్తారు. దాంతో ఇరవై రెండేళ్ల అమ్మాయిని ఆఫీసంతా వాళ్ల నాన్న పేరుతో పిలుస్తుంది. శ్రీసిటీలో జపాన్ కంపెనీలూ ఉన్నాయి కదా, ఇంటిపేరుకు 'సాన్' చేర్చి పిలవడం జపాన్ వాళ్ల మర్యాద, వాళ్లకు ఆ గడిలో ఉన్నదే తెలుస్తుంది. తప్పు వాళ్లది కాదు, చెప్పాల్సింది మనం.

రికార్డు పేరు వేరు, పిలుపు పేరు వేరు అని గుర్తుంచుకోండి. ఆధార్, పాన్, పీఎఫ్ వివరాల్లో పేరు అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి, లేదంటే డబ్బు ఆగుతుంది. దాన్ని కదిలించొద్దు. మెయిల్లో కనిపించే పేరు, ఐడీ కార్డు మీద పెద్ద అక్షరాల్లో ఉండే పేరు మాత్రం హెచ్ఆర్‌ను అడిగి మీకు నచ్చినట్టు పెట్టించుకోవచ్చు. పెళ్లయిన అమ్మాయిల ఇంటిపేరును అడగకుండా మార్చేసే ఆఫీసులు ఉన్నాయి. పెళ్లయితే ఇంటిపేరు మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పదు. ట్రాన్స్‌జెండర్ సహోద్యోగి తన పేరు ఇదని చెబితే అదే పేరు. ఎవరి జెండర్ ఏమిటో వాళ్లే నిర్ణయించుకుంటారని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది.

కొత్తగా చేరిన పిల్లలకు ఇంకో మాట. మునిలక్ష్మి తనను లక్ష్మి అనమంటే లక్ష్మి అనండి. 'ముని ఎంత మంచి పేరు, ఎందుకు వదిలేస్తావు' అని పాఠం చెప్పొద్దు. నాకు కూడా మన ఊరి పేర్లు పోతున్నాయని బాధ ఉంది, కానీ ఆ బాధ నాది. ఇంకొక అబ్బాయికి తన స్నేహితులు పెట్టిన 'బుడ్డోడు' అన్న పేరే ఇష్టం కావచ్చు, అదీ ఆయన ఇష్టమే. అయితే స్నేహితుల నోట నచ్చిన పేరు మేనేజర్ నోట నచ్చకపోవచ్చు. ఎవరో పిలిచారని మీరూ పిలిచేయకండి.

మీకు నచ్చని పేరు పడితే మొదటి వారంలోనే చెప్పండి, ఆరేళ్లు ఆగొద్దు. పెద్ద మాటలు అక్కర్లేదు. "అన్నా, నన్ను పేరుతో పిలువన్నా" అంటే చాలు. రెండోసారి పిలిస్తే పలకకండి. పక్కనున్నవాళ్లు సాయం చేయాలి. ఆ పేరు మీ నోటితో అనకుండా, అసలు పేరుతో పిలుస్తూ ఉండండి. నా విషయంలో అట్లా ఒక్కరు ఉన్నా బాగుండేది.

ఆ అటెండరు సంగతి పూర్తి చేయాలి. పెన్షన్ కాగితాల మీద సంతకాలకు ఆయన వచ్చినప్పుడు లేచి నిలబడి, రిజిస్టరులో ఉన్న పేరు చివర గారు చేర్చి పిలిచాను. ఆయన వెనక్కి తిరిగి చూశాడు, వేరే ఎవరినో పిలిచాననుకున్నాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఇన్నేళ్లూ అట్లా పిలిచినందుకు క్షమించమని అడిగాను. ఆయన చాలాసేపు కాగితాలు సర్దుతూ ఉండిపోయాడు. అప్పుడు, పదకొండేళ్లలో మొదటిసారి, అడిగాను: "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?"

"ఆ రిజిస్టరు పేరు బడిలో అయ్యవారు రాసింది మా. అది నాకూ కొత్తే. మా అమ్మ నన్ను ఇంకో పేరుతో పిలిచేది" అని ఆ పేరు చెప్పాడు.

దాన్ని ఇక్కడ మైకులో చెప్పడానికి ఆయన్ని అడగలేదు, అందుకని చెప్పను. ఏటా సంక్రాంతికి ఫోన్ చేస్తాను. ఆ పేరుతో పిలుస్తాను. "ఆఁ, చెప్పు మా" అంటాడు.