ఫోన్-ఇన్: పాత ఫియట్‌కి డిస్క్ బ్రేకులు వేయించవచ్చా?

యాంకర్: నమస్కారం. ఈ వారం పాత కార్ల బ్రేకుల గురించి మాట్లాడుకుందాం. డ్రమ్ము బ్రేకంటే చక్రంతో తిరిగే గిన్నెలాంటి డ్రమ్ముని లోపల్నుంచి షూలు ఒత్తి ఆపేది. డిస్కు బ్రేకంటే చక్రంతో తిరిగే పళ్లేన్ని రెండు వైపులా ప్యాడ్లు నొక్కి ఆపేది. మనతో మేస్త్రి గారు ఉన్నారు. నలభై ఏళ్లుగా ఫియట్లూ అంబాసిడర్లూ విప్పి బిగిస్తున్న మనిషి. మొదటి కాల్ రాజమండ్రి నుంచి. చెప్పండి.

రాజమండ్రి శ్రోత: నమస్కారమండి. వినబడుతోందాండి?

మేస్త్రి: ముందు మీ ఇంట్లో రేడియో తగ్గించండి బాబూ, నా గొంతు నాకే వినబడుతోంది.

రాజమండ్రి శ్రోత: తగ్గించానండి. మాది ప్రీమియర్ పద్మిని అండి, అదే మన దగ్గర తయారైన ఫియట్ 1100, 1978 మోడలు. మా నాన్నగారు కొన్నది. ఆయన పోయాక పదకొండేళ్లు షెడ్డులోనే ఉంది. వెనక సీట్లో కోళ్లు గుడ్లు పెట్టేవండి. మొన్న సంక్రాంతికి బయటికి తీశాం. ఇంజను భేషుగ్గా ఉంది, గేరు కూడా స్టీరింగ్ పక్కన మెత్తగా పడుతోంది...

మేస్త్రి: బ్రేకు సంగతి.

రాజమండ్రి శ్రోత: అక్కడికే వస్తున్నానండి. మా బావమరిది ఏమంటాడంటే, ముందు డ్రమ్ములు పీకేసి మారుతి డిస్కులు వేయించేద్దాం బావా అంటాడు. ఫోన్లో వీడియో చూశాడు. వేయించవచ్చంటారా?

మేస్త్రి: ఉన్న డ్రమ్ములకి ఏమొచ్చింది?

రాజమండ్రి శ్రోత: పెడల్ మొదటిసారి కిందికంటా వెళ్లిపోతోందండి. రెండోసారి పంపు కొడితే పట్టుకుంటోంది. పట్టినప్పుడు ఎడమకి లాగేస్తోంది.

మేస్త్రి: అయితే ఆ జబ్బు డ్రమ్ములు కావడం వల్ల వచ్చింది కాదు. పంపు కొడితే పడుతోందంటే షూకీ డ్రమ్ముకీ మధ్య సందు ఎక్కువైందన్నా అయ్యుండాలి, బ్రేకు ఆయిల్ వెళ్లే లైన్లో గాలన్నా ఉండాలి, పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ లోపల వాషర్ అన్నా పోయుండాలి. పదకొండేళ్లు పడున్న బండికి మూడూ ఉంటాయి. ఎడమకి లాగుతోందన్నారు కదా, ఏ చక్రం విప్పి చూశారు?

రాజమండ్రి శ్రోత: ఎడమదేనండి. అటే లాగుతోంది కదా.

మేస్త్రి: అందరూ చేసే పొరపాటే. ఎడమకి లాగుతోందంటే చాలాసార్లు కుడిది పట్టడం లేదని. కుడిది విప్పండి. ఇంకో మాట, చక్రాల దగ్గరికి వెళ్లే రబ్బరు గొట్టాలు మార్చారా?

రాజమండ్రి శ్రోత: పైకి బాగానే ఉన్నాయండి.

మేస్త్రి: పైకి బాగానే ఉంటాయి. లోపల ఉబ్బి దారి మూసుకుపోతాయి. కాలితో తొక్కితే ఆయిల్ వెళుతుంది, తిరిగి రాదు. ముందు గొట్టాలు మార్చండి. ఈ మాట ఈ అరగంటలో ఇంకో నాలుగుసార్లు చెబుతాను, విసుక్కోకండి.

రాజమండ్రి శ్రోత: అయ్యో ఎంత మాటండి. అయితే డిస్కు వేయించవచ్చంటారా?

మేస్త్రి: (నవ్వు) వేయించవచ్చు. ఇటలీలో ఫియట్ వాళ్లే 1966లో ఈ 1100కి ముందు చక్రాలకి డిస్కులిచ్చారు. మన దగ్గర పద్మిని డ్రమ్ములతోనే నడిచింది. కానీ మారుతి డిస్కు తెచ్చి తగిలిస్తే కూర్చోదు. మారుతికి ఇంజను తిప్పేది ముందు చక్రాలని, మీ పద్మినికి వెనక చక్రాలని. చక్రం బిగించే హబ్ వేరు. డిస్కు మధ్య బెజ్జం, బోల్టుల కొలత లేత్ మీద కలపాలి. ప్యాడ్లతో డిస్కుని నొక్కే క్యాలిపర్‌ని పట్టుకోవడానికి బ్రాకెట్ చేయించాలి. తొక్కిన ప్రతిసారీ ఆ బలమంతా పడేది ఆ బ్రాకెట్ మీదే. తుక్కు ఇనప్పట్టీ వెల్డింగ్ పెట్టి పంపితే నేనైతే ఆ బండెక్కను.

రాజమండ్రి శ్రోత: మావాడు వెల్డింగ్ అనే అన్నాడండి...

మేస్త్రి: అన్నాడా! సరే, అది కుదిరిందే అనుకోండి. డిస్కు మార్చారు, మాస్టర్ సిలిండర్ సంగతేంటి? క్యాలిపర్ పిస్టన్ లావుగా ఉంటుంది, చక్రం దగ్గరుండే చిన్న సిలిండర్ కన్నా ఎక్కువ ఆయిల్ తాగుతుంది. పాత మాస్టర్ సిలిండర్ అంత తోయలేకపోతే పెడల్ మళ్లీ కిందికే వెళుతుంది. పోనీ అని లావుది వేస్తే పెడల్ గట్టిపడుతుంది. అసలే డ్రమ్ములో తిరిగే డ్రమ్ము ముందు షూని తనలోకి లాక్కుంటుంది, మీ కాలికి సాయం వస్తుంది. డిస్కులో ఆ సాయం లేదు. అందుకే కాలి బలాన్ని పెంచే వాక్యూమ్ బూస్టర్ పెడతారు. దానికి ఇంజను గాలి పీల్చుకునే మానిఫోల్డ్ నుంచి గొట్టం తీయాలి, మధ్యలో వెనక్కి పోకుండా వాల్వు ఉండాలి. అక్కడ గాలి లీకైతే ఐడిలింగ్‌లో ఇంజను వణుకుతుంది. చూశారా, రెండు డిస్కులతో మొదలైంది ఎక్కడికి పోయిందో!

రాజమండ్రి శ్రోత: అంటే... వద్దంటారా అండి?

మేస్త్రి: వద్దనలేదండీ! మీ మాస్టర్ సిలిండర్ నుంచి పైపు ఒకటే వెళుతోందా, రెండా?

రాజమండ్రి శ్రోత: ఒకటేననుకుంటానండి.

మేస్త్రి: ఒకటే అయితే ఏ ఒక్క గొట్టం పగిలినా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. డిస్కుల డబ్బులుంటే మొదట ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ ఆయిల్ వేరువేరుగా పంపే మాస్టర్ సిలిండర్ పెట్టించండి. వెళ్లి కుడి చక్రం విప్పండి.

యాంకర్: ధన్యవాదాలండి. వరంగల్ నుంచి ఎవరో ఉన్నారు.

వరంగల్ శ్రోత: నమస్తే సార్. మా అన్న గ్యారేజీలో పాత ఫియట్‌కి డిస్కులు వేసినం. ఐదు కిలోమీటర్లు పోతే ముందు చక్రాలు కాలిపోతున్నయ్. చెయ్యి పెట్టలేం.

మేస్త్రి: మాస్టర్ సిలిండర్ పాతదే కదూ?

వరంగల్ శ్రోత: అవును సార్.

మేస్త్రి: ఇందాకే చెప్పాను. డ్రమ్ముల మాస్టర్ సిలిండర్ చివర చిన్న వాల్వు ఉంటుంది బాబూ. కాలు తీశాక కూడా లైన్లో కాస్త ప్రెషర్ నిలబెడుతుంది. డ్రమ్ముకి అది మంచిదే, లోపల షూలని వెనక్కి లాగే స్ప్రింగులున్నాయి. డిస్కుకి స్ప్రింగ్ ఎక్కడిది? ప్యాడ్లు రాసుకుంటూనే ఉంటాయి. డిస్కు లైన్లో ఆ వాల్వు ఉండకూడదు, వెనక డ్రమ్ములకి మాత్రం ఉండాలి. పెడల్ పూర్తిగా వెనక్కి వస్తోందో లేదో కూడా చూడు. గొట్టాలు కొత్తవేనా?

వరంగల్ శ్రోత: పాతవే సార్.

మేస్త్రి: (నిట్టూర్పు) మార్చండి నాయనా.

వరంగల్ శ్రోత: వెనక కూడా డిస్కులు వేద్దామా సార్?

మేస్త్రి: వద్దు. బ్రేకు కొట్టగానే బరువంతా ముందుకి వస్తుంది. వెనక చక్రాలు ముందుగా లాకయ్యాయంటే వర్షంలో బండి గిర్రున తిరుగుతుంది. పైగా నీ హ్యాండ్ బ్రేకు వైరు వెనక డ్రమ్ముల్లోనే ఉంది.

యాంకర్: ఒంగోలు నుంచి కాల్.

ఒంగోలు శ్రోత: అంబాసిడర్‌కి డిస్క్ కిట్ ఎంతవుతుందండి?

మేస్త్రి: బండి చూడకుండా రేటు చెప్పను. కిట్ అమ్మేవాణ్ని మాస్టర్ సిలిండర్ కూడా ఇస్తున్నాడా అని అడగండి. ఇవ్వనంటే వచ్చేయండి.

యాంకర్: సరేనండి. తిరుపతి నుంచి ఒక సోదరి.

తిరుపతి శ్రోత: నమస్తే అన్నయ్యగారూ. మాది కూడా పద్మినే, నేనే నడుపుతా. కొండ దిగేటప్పుడు సగం దూరం వచ్చాక వాసనొస్తుంది, బ్రేకు బలం తగ్గిపోతుంది. డిస్కు వేయిస్తే ఆ బాధ ఉండదంటున్నారు.

మేస్త్రి: తగ్గుతుందమ్మా. డ్రమ్ములో వేడి లోపలే ఉండిపోతుంది, డిస్కు గాలికి చల్లారుతుంది. డిస్కు తడి కూడా త్వరగా వదిలించుకుంటుంది. కానీ నువ్వు ఏ గేర్లో దిగుతున్నావు?

తిరుపతి శ్రోత: టాప్‌లోనే. పెట్రోలు కలిసొస్తుందని ఒక్కోసారి న్యూట్రల్...

మేస్త్రి: అమ్మా, అమ్మా! న్యూట్రల్ మాట ఎత్తకు. ఏ గేర్లో ఎక్కావో ఆ గేర్లోనే దిగు. బండిని సగం ఇంజనే పట్టుకుంటుంది. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చావు?

తిరుపతి శ్రోత: తగ్గితే పోస్తాను.

మేస్త్రి: తగ్గిందంటే ఎక్కడో కారుతోందని, లేదా షూల మీది లైనింగ్ అరిగిందని. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తది 205 డిగ్రీల దాకా మరగదు. నీళ్లు పట్టినది 140కే మరగవచ్చు. మరిగితే బుడగలొస్తాయి, పెడల్ స్పాంజిలా అయిపోతుంది. డిస్కు వేయించినా అదే పాత ఆయిల్ ఉంటే ఏం లాభం? రెండేళ్లకోసారి మొత్తం తీసేసి కొత్తది పోయించు, గాలి తీయించు.

తిరుపతి శ్రోత: డిస్కులు వేస్తే ఆర్టీవో ఆఫీసులో ఏమైనా అంటారా? మాది 1974 బండి.

మేస్త్రి: ఆర్‌సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. బ్రేకుల విషయం ముందే అక్కడ అడుగు, ఇన్సూరెన్సు వాళ్లకి కాగితం మీద చెప్పు. యాభై ఏళ్లు దాటితే పాతకాలపు బండ్లకిచ్చే వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి వెళ్లచ్చు. 2021లో వచ్చిన ఆ నిబంధనల్లో ఛాసిస్, బాడీ, ఇంజను మార్చకూడదని ఉంది. అయినా అసలు రూపం అని కూడా రాశారు కాబట్టి తీసిన డ్రమ్ములు అమ్మేయకు, గ్రీజు రాసి అటక మీద పెట్టు. వింటేజ్ నంబరు తీసుకుంటే మాత్రం రోజూ తిప్పడానికి ఉండదు. కొండకి వెళ్లడమే ముఖ్యమైతే ఆలోచించుకో.

యాంకర్: సమయం అయిపోవస్తోంది. చివరి కాల్. హలో?

రాజమండ్రి శ్రోత: మళ్లీ నేనేనండి. కుడి చక్రం విప్పించానండి.

మేస్త్రి: అప్పుడేనా! ఏముంది?

రాజమండ్రి శ్రోత: లోపలంతా తడిగా ఉందండి. నల్లటి జిడ్డు. మావాడు కంప్రెసర్‌తో ఊదేస్తానంటున్నాడు.

మేస్త్రి: ఊదొద్దు, ఊదొద్దు! పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయమనండి. చక్రం దగ్గరి చిన్న సిలిండర్‌కున్న రబ్బరు టోపీ ఎత్తితే ఆయిల్ ఉందా?

రాజమండ్రి శ్రోత: కారుతోందండి.

మేస్త్రి: దొరికింది. సిలిండర్లు రెండు వైపులా మార్చండి, షూలు రెండు వైపులా మార్చండి. ఒక్క వైపు మారిస్తే ఈసారి కుడికి లాగుతుంది. డ్రమ్ములో గాడి పడితే లేత్ మీద పట్టించండి, డ్రమ్ము మీద రాసున్న కొలత దాటకుండా.

రాజమండ్రి శ్రోత: అలాగేనండి. మరి ఆ డిస్కు...

యాంకర్: క్షమించండి, సమయం అయిపోయింది. మేస్త్రి గారూ, ధన్యవాదాలు.

మేస్త్రి: గొట్టాలండీ, గొట్టాలు మర్చిపోకండి!